సిలికాన్ చేనులో కొత్త సాళ్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

   

సంఘం వాళ్లు నన్ను మాట్లాడమని అడిగినప్పుడు "నీ పని గురించి చెప్పు, పిల్లలకు పనికొచ్చేట్టు చెప్పు" అన్నారు. నేను ఇరవై ఆరేళ్లుగా బెంగళూరులో కంప్యూటర్ చిప్పుల పని చేస్తున్నాను. చిప్పు నమూనా ఫ్యాక్టరీకి పోకముందు అందులో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఈ సభకు ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తుండగా మూడు వారాల కిందట మన బ్యాచ్ మిత్రుడొకడు ఫోన్ చేశాడు. పేరు చెప్పను, ఇక్కడే కూర్చున్నాడు.

"రేయ్, పాపకు ఇంటర్ అయిపోయింది. సిలికాన్ కాలం అయిపోయిందంట, ఇంక అంతా క్వాంటమేనంట. ఆరు నెలల కోర్సు, డెబ్బై వేలు ఫీజు అంటున్నారు. ఇంట్లో గాజులు కుదువ పెడితే సర్దుబాటు అవుతుంది. కట్టమంటావా, వద్దంటావా?" అన్నాడు.

రెండు రోజుల్లో చెప్తాలేరా అన్నాను. చెప్పలేదు. తెలియక కాదు. వాడు అడిగింది వాళ్ల పాప గురించే అయినా, ఆ ప్రశ్న నాకూ తగిలింది. సిలికాన్ కాలం అయిపోతే నా పనీ అయిపోయినట్టే కదా! అందుకని ఈ మూడు వారాలూ కూర్చుని, ఏది ఎంతవరకు నిజమో నాకు నేనే ఒక లెక్క రాసుకున్నాను. ఆ లెక్కే ఇవాళ మీ ముందు పెడుతున్నాను. వాడికి జవాబు చివర్లో చెప్తాను.

మొదట మా ఇంటి నుంచే మొదలుపెడతాను. మా నాన్న మగ్గం నేసేవాడు. పట్టుచీర అంచులో హంస రావాలన్నా, కొంగులో నెమలి రావాలన్నా మగ్గం పైన జకార్డు పెట్టె ఉండాల్సిందే. దానికి అట్టల దండ వేలాడుతుంది. అట్టలో చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, ఆ పోగు లేస్తుంది. చిల్లు లేనిచోట పోగు లేవదు. ఉంది, లేదు. అంతే. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు అట్టలకు చిల్లులు కొట్టే పని నాకు అప్పగించారు. ఒకచోట ఒక చిల్లు ఎక్కువ కొట్టాను. మూడు మూరలు నేశాక చూస్తే హంసకు మెడ విరిగినట్టుంది. మా నాన్న కొట్టలేదు, తిట్టలేదు. ఆ అట్ట నా చేతికిచ్చి "ఎక్కడ తప్పిందో నువ్వే వెతుకు" అన్నాడు. ఇరవై ఆరేళ్లుగా నేను చేస్తున్నది అదే పని.

జకార్డు అనే ఫ్రెంచివాడు ఆ పద్ధతిని 1804లో నిలబెట్టాడు. 1830లలో ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ పళ్లచక్రాలతో లెక్కల యంత్రాన్ని ఊహించినప్పుడు, దానికి ఆజ్ఞలు ఇవ్వడానికి ఈ మగ్గం అట్టలనే అరువు తెచ్చుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలు కూడా చిల్లుల అట్టల మీదే లెక్కపెట్టారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, లెక్క చేయడం సిలికాన్ సొత్తు కాదు. "ఉంది, లేదు" అనే రెండు స్థితులను గట్టిగా పట్టి ఉంచగలిగిన వస్తువు ఏదైనా లెక్క చేస్తుంది. చక్రం చేసింది, అట్ట చేసింది, గాజు వాల్వు చేసింది. తర్వాత సిలికాన్ చేసింది.

ఇంకో సంగతి. సిలికాన్ కూడా ఒకప్పుడు ప్రత్యామ్నాయమే. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెయిన్ చేసిన మొట్టమొదటి ట్రాన్సిస్టర్ జెర్మేనియంతో చేసింది. దాదాపు పదేళ్లు జెర్మేనియందే రాజ్యం. అయితే దానికి వేడి పడదు. డెబ్బై ఎనభై డిగ్రీలు దాటితే విద్యుత్తు ఆగాల్సిన చోట ఆగదు. మన మే నెల ఎండలో తారు రోడ్డు మీద పెట్టిన రేడియో ఎట్లుంటుందో ఊహించుకోండి. 1954లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో గోర్డన్ టీల్ సిలికాన్ ట్రాన్సిస్టర్ చూపించాడు. అది వేడికి తట్టుకుంది. సిలికాన్‌కు ఇంకో వరం ఉంది. దాన్ని ఆక్సిజన్‌లో కాలిస్తే పైన గాజులాంటి పొర దానంతటదే ఏర్పడుతుంది. ఆ పొర విద్యుత్తును ఆపుతుంది. 1959లో అదే బెల్ ల్యాబ్స్‌లో అటల్లా, కాంగ్ ఆ పొరను ఆసరా చేసుకుని ఒక కొత్త రకం ట్రాన్సిస్టర్ చేశారు. ఈ రోజు మీ జేబుల్లో ఉన్న ఫోన్లన్నీ దాని సంతానమే. భూమి పైపొరలో ఆక్సిజన్ తర్వాత ఎక్కువగా ఉన్న మూలకం సిలికానే. ఇసుకలో ఉంది, మన పెనుకొండ రాళ్లలో ఉంది. వేడికి తట్టుకోవడం, చవకగా దొరకడం, తన కంచె తానే వేసుకోవడం, ఈ మూడు గుణాలతో అది గెలిచింది.

మరి ఇప్పుడు దానికి వచ్చిన కష్టం ఏమిటి?

మొదటిది సైజు. 1965లో గోర్డన్ మూర్ ఒక అంచనా వేశాడు, 1975లో దాన్ని సవరించాడు. చిప్పు మీద పట్టే ట్రాన్సిస్టర్లు దాదాపు రెండేళ్లకోసారి రెట్టింపు అవుతాయన్నాడు. అయ్యాయి కూడా. నేటి మంచి ఫోన్‌లో ఉండే చిప్పులో వెయ్యి కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లు ఉంటాయి. కానీ సిలికాన్‌లో పరమాణువుకు పరమాణువుకు మధ్య దూరం నానోమీటరులో దాదాపు నాలుగో వంతు. అంటే గోడలు ఇప్పుడు పరమాణువుల లెక్కలో కడుతున్నారు. గోడ అంత పలచబడితే ఎలక్ట్రాన్ దానికింద నుంచి కారిపోతుంది. చెరువు కట్టకు ఎలుక బొక్క పడ్డట్టు. మూసి ఉన్నప్పుడు కూడా కరెంటు కారుతూనే ఉంటుంది.

రెండోది వేడి. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ అదే నిష్పత్తిలో తక్కువ కరెంటు తింటుందన్న సూత్రం 1974 నుంచి ముప్పై ఏళ్లు నడిచింది. 2005, 2006 ప్రాంతంలో ఆగిపోయింది. అందుకే కంప్యూటర్ వేగం గిగాహెర్ట్జ్‌లలో అప్పుడెంతుందో ఇప్పుడూ దాదాపు అక్కడక్కడే ఉంది. ఇంకా వేగంగా తిప్పితే చిప్పు కాలిపోతుంది. అందుకే ఒక చిప్పులో నాలుగు, ఎనిమిది మెదళ్లు పెట్టి సర్దుకుంటున్నారు.

మూడోది మోత. ఇది చాలామందికి తెలియదు, నాకైతే ఇదే అన్నిటికంటే పెద్ద కష్టమనిపిస్తుంది. మన కంప్యూటర్లో లెక్క చేసేది ఒకచోట, గుర్తుంచుకునేది ఇంకోచోట. 1945లో వాన్ నాయ్‌మన్ రాసిన నివేదిక నుంచి ఇదే పద్ధతి. ప్రతి అంకెనూ అక్కడి నుంచి ఇక్కడికి మోసుకొచ్చి, లెక్క చేసి, మళ్లీ మోసుకెళ్లి పెట్టాలి. చేను ఒకచోట, బావి ఒకచోట ఉంటే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెట్టుకు పోసే నీళ్లకంటే బిందె మోసే కష్టమే ఎక్కువ. కృత్రిమ మేధ వచ్చాక ఈ మోత విపరీతంగా పెరిగింది.

ఆ మోతకు కరెంటు ఎంతవుతోంది? అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లు సుమారు 41,500 కోట్ల యూనిట్ల విద్యుత్తు వాడాయి. ప్రపంచ వాడకంలో ఒకటిన్నర శాతం. 2030 నాటికి అది రెట్టింపు దాటి దాదాపు 94,500 కోట్ల యూనిట్లు అవుతుందని అంచనా. ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోవద్దు. 2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా కేంద్రం పెడతానని ప్రకటించింది. కరెంటు ఒక్కటే కాదు. వేడెక్కిన యంత్రాలను చల్లార్చడానికి చాలాచోట్ల నీళ్లు వాడతారు. చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీకీ అతిశుద్ధమైన నీళ్లు విపరీతంగా కావాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో పుట్టినవాళ్లం, హంద్రీ నీవా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయర్‌కు వచ్చిన రోజు పండగ చేసుకున్నవాళ్లం. ఒక పనికి ఎన్ని నీళ్లు, ఎంత కరెంటు అని అడిగే హక్కు మనకంటే ఎవరికుంది?

ఇంకో పక్క చూడండి. ఇక్కడ కూర్చున్న ప్రతివాడి తలలో ఉన్న మెదడు సుమారు 20 వాట్లతో నడుస్తోంది. ఒక ఎల్ఈడీ ట్యూబులైటు అంత. ఆ 20 వాట్లతోనే మొహాలు గుర్తుపడతాం, పద్యం అప్పజెప్తాం, ముప్పై ఏళ్ల కిందటి తగాదా మర్చిపోకుండా ఉంటాం. అంటే తక్కువ ఖర్చుతో లెక్క చేసే దారి ప్రకృతిలో ఉంది. దాన్ని వెతికేవాళ్ల గురించే ఇప్పుడు చెప్తాను.

వెతికేవాళ్లలో మొదటి రకం వాళ్లు సిలికాన్‌ను పీకేసి దాని స్థానంలో ఇంకోటి నాటాలని చూశారు. సీమూర్ క్రే అని సూపర్ కంప్యూటర్ల పితామహుడు ఉండేవాడు. గాలియం ఆర్సెనైడ్ అనే పదార్థంలో ఎలక్ట్రాన్లు సిలికాన్‌లో కంటే వేగంగా పరుగెత్తుతాయి. దాన్ని నమ్ముకుని ఆయన క్రే-3 అనే యంత్రం కట్టాడు. 1993లో ఒకే ఒక్క యంత్రం ఒక పరిశోధన సంస్థకు చేరింది. 1995లో కంపెనీ దివాలా తీసింది. అంత గొప్పవాడికే అట్లయింది. ఆ పదార్థం మంచిది కాదా? మంచిదే. మన హైదరాబాదులోనే రక్షణ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో గేటెక్ అనే కేంద్రం ఉంది. అక్కడ గాలియం ఆర్సెనైడ్‌తోనే రాడార్లకు, ఉపగ్రహాలకు కావాల్సిన చిప్పులు చేస్తారు. రేడియో తరంగాల పనిలో సిలికాన్ దాని ముందు నిలవలేదు. దాని చుట్టమే గాలియం నైట్రైడ్, కొత్త రకం చిన్న ఫోన్ ఛార్జర్లలో ఉంది. సిలికాన్ కార్బైడ్ ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ కరెంటును మోటారుకు మలిచే చోట కూర్చుంది. ఇవి సిలికాన్ కుర్చీని లాక్కోలేదు. తమకు నప్పే పని చూసుకున్నాయి.

కార్బన్ నానోట్యూబులదీ ఇదే కథ. మసిలో ఉండే కార్బనే, ఒక నానోమీటరు మందం గొట్టంలా చుట్టుకుంటే అద్భుతమైన ట్రాన్సిస్టర్ అవుతుంది. 2013లో స్టాన్‌ఫర్డ్‌లో 178 ట్రాన్సిస్టర్లతో మొదటి నానోట్యూబు కంప్యూటర్ చేశారు. ఆ బృందాన్ని నడిపినవారిలో సుభాశీష్ మిత్రా మన దేశం నుంచి వెళ్లినాయనే. 2019లో ఎంఐటీలో 14 వేలకు పైగా ట్రాన్సిస్టర్లతో ఇంకోటి చేశారు. చిక్కేమిటంటే, గొట్టాలు తయారయ్యేటప్పుడు కొన్ని తాళం వేయడానికి వీల్లేని లోహపు గొట్టాలుగా పుడతాయి. విత్తనాల్లో కలుపు గింజలు కలిసినట్టు. ఆరేళ్లలో 178 నుంచి 14 వేలకు పోవడం గొప్పే. కానీ పక్కనున్న సిలికాన్ వెయ్యి కోట్లలో ఉంది. ఆ దూరం చూసుకుంటే ఈ పోటీ ఎట్లాంటిదో అర్థమవుతుంది.

రెండో రకం వాళ్లు ఇంకోలా ఆలోచించారు. సిలికాన్‌కు బరువైన పని ఏది, ఆ ఒక్క పనికి వేరేది పెడదాం అన్నారు. నాకు నమ్మకం కుదిరింది ఇక్కడే.

మన బస్టాండులో బస్సెక్కితే రెండున్నర మూడు గంటల్లో బెంగళూరు. అక్కడ 1909 నుంచి నడుస్తున్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో శ్రీతోష్ గోస్వామి బృందం 2024 సెప్టెంబరులో నేచర్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించింది. వాళ్లు రుథేనియం లోహం చుట్టూ కట్టిన సేంద్రియ అణువులతో ఒక పలచని పొర చేశారు. అట్ట చిల్లుకు ఉన్నవి రెండే స్థితులు, ఉంది లేదా లేదు. ఈ పొరలో ఒక్కో చుక్క సుమారు 16,500 స్థితుల్లో ఏదో ఒకదాంట్లో నిలబడగలదు. అంటే ఒక్క చుక్కలో ఒక పెద్ద అంకెనే దాచుకోవచ్చు. అంకె దాచిన చోటే లెక్క కూడా జరుగుతుంది. బిందె మోయాల్సిన పనిలేదు. బావి చేను మధ్యలోనే ఉంది.

దాచిన చోటే లెక్క ఎట్లా జరుగుతుంది అని సైన్సు అయ్యవార్లు అడగొచ్చు. మీరు పదో తరగతిలో చెప్పే ఓమ్ నియమమే. పిల్లలూ, రేపు బడిలోనే చేసి చూడండి. 1.5 వోల్టుల సెల్లుకు 1000 ఓమ్‌ల రెసిస్టర్ తగిలిస్తే 1.5 మిల్లీ ఆంపియర్ల కరెంటు వస్తుంది. రెండు సెల్లులు వరసగా పెట్టి 3 వోల్టులు చేసి, 500 ఓమ్‌ల రెసిస్టర్ తగిలిస్తే 6 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. 500 దొరక్కపోతే 1000 ఓమ్‌లవి రెండు పక్కపక్కన కట్టండి. ఇప్పుడు ఆ రెండు కరెంట్లూ కలిసే తీగలో మీటరు పెడితే ఏడున్నర చూపిస్తుంది, కొంచెం అటూఇటుగా. ఒకటిన్నరను ఒకటితో గుణించారు, మూడును రెండుతో గుణించారు, రెండూ కూడారు. ఆ గుణకారం, కూడిక చేసింది ఎవరు? ప్రాసెసర్ లేదు, ప్రోగ్రాం లేదు. రెసిస్టర్‌లో అంకె దాచారు, ప్రకృతి లెక్క చేసిపెట్టింది. కృత్రిమ మేధ చేసే పనిలో అధిక భాగం ఈ గుణకారాలు, కూడికలే. ఇట్లాంటి రెసిస్టర్లు గళ్లగళ్లుగా పరిచి, ఒక్కోదాని విలువను మనకు కావాల్సినట్టు మార్చుకోగలిగితే చాలు. అట్లా విలువ మార్చుకుని గుర్తుపెట్టుకునే రెసిస్టర్‌ను మెమ్‌రిస్టర్ అంటారు. 1971లో లియోన్ చువా అది ఉండి తీరాలని కాగితం మీద చూపించాడు. 2008లో హెచ్‌పీ ల్యాబ్స్ వాళ్లు చేసి చూపించారు. బెంగళూరు వాళ్లది అణువులతో చేసిన మెమ్‌రిస్టర్. ఇది ఇంకా ప్రయోగశాల దాటి ఫ్యాక్టరీకి చేరాలి. చేరినా అది సిలికాన్ చిప్పు పక్కనే, దాంతో కలిసి పనిచేయాల్సిందే.

కాంతి సంగతీ అంతే. దూరాలకు సమాచారం మోయడంలో గాజు తీగలో పోయే వెలుగుకు సాటి లేదు. ఇప్పుడు ఆ వెలుగును చిప్పు దగ్గరికి, చిప్పు లోపలికి తెస్తున్నారు. మోతకు అది బ్రహ్మాండం. కానీ రెండు వెలుగు కిరణాలు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా దాటిపోతాయి. ఒకటి ఇంకోదాన్ని ఆపితే కదా "ఉంది, లేదు" అనే లెక్క జరిగేది! డీఎన్ఏ ఉంది. 1994లో లియోనార్డ్ ఏడిల్‌మన్ పరీక్షనాళికలో డీఎన్ఏ ముక్కలు కలిపి, ఏడు ఊళ్లను ఒక్కోసారే దాటుతూ పోయే దారి కనిపెట్టాడు. ఆ పనికి ప్రయోగశాలలో ఏడు రోజులు పట్టింది. మనమైతే కాగితం మీద కాసేపట్లో గీస్తాం. లెక్కకు అది నెమ్మది. కానీ చిటికెడు పొడిలో గ్రంథాలయాలు దాచగల శక్తి దానికి ఉంది కాబట్టి, దాచుకునే పనికి దాన్ని పరిశీలిస్తున్నారు.

ఇక క్వాంటం. మన మిత్రుడి గాజులు ఆధారపడ్డది దీని మీదే.

2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ క్వాంటం మిషన్‌కు 6003.65 కోట్లు మంజూరు చేసింది. 2025 మే నెలలో ఐబీఎం, టీసీఎస్ సంస్థలు మన రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి, అమరావతిలో కట్టే క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్ల ప్రాసెసర్ ఉన్న ఐబీఎం యంత్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించాయి. అప్పటినుంచే మన ఊళ్లలో కూడా ఈ మాట వినపడుతోంది. మంచిదే. కానీ అదేమిటో తెలుసుకుని సంతోషిద్దాం.

"క్వాంటం కంప్యూటర్ అన్ని జవాబులూ ఒకేసారి ప్రయత్నిస్తుంది" అని చెప్తుంటారు. అది సగం మాట. చెరువులో రెండు రాళ్లు వేయండి. అలలు ఒకచోట కలిసి ఎత్తుగా లేస్తాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి చంపుకుని నీరు కదలదు. క్వాంటం యంత్రంలో తప్పు జవాబుల అలలు చచ్చి, సరైన జవాబు అల లేచేట్టు ఏర్పాటు చేయాలి. అట్లా ఏర్పాటు చేయడం కొన్ని లెక్కలకే తెలుసు. 1994లో పీటర్ షోర్ పెద్ద అంకెలను కారణాంకాలుగా విడగొట్టడానికి ఒక దారి చూపాడు. అణువుల ప్రవర్తనను, కొత్త మందులను, కొత్త పదార్థాలను లెక్కగట్టడానికి అది పనికొస్తుందని గట్టి ఆశ ఉంది. అంతేగానీ బ్యాంకు పద్దు రాయడానికి, రైతుల జాబితా తయారుచేయడానికి, వీడియో చూడటానికి అది అక్కర్లేదు. పైగా ఐబీఎం రకం యంత్రం పనిచేయాలంటే లోపల సున్నా కెల్విన్‌కు పైన డిగ్రీలో వందో వంతు పైచిలుకు చలి ఉండాలి. అంటే మైనస్ 273 డిగ్రీల దగ్గర. కాస్త కదిలినా, కాస్త వేడి తగిలినా లెక్క చెడుతుంది. ఆ తప్పులను సవరించడమే ఇప్పటికి ప్రపంచమంతటా పెద్ద పని. ఇంకో తమాషా చెప్పనా? ఆ క్యూబిట్లను పరిచేది కూడా సిలికాన్ పలక మీదే. దాన్ని నడిపించే ఆజ్ఞలు పంపేది మామూలు సిలికాన్ కంప్యూటర్లే.

ఇంతవరకూ చూసిందంతా కలిపితే నాకు మన చేలే కనిపిస్తాయి. ఒకప్పుడు ఖరీఫ్ వచ్చిందంటే మన జిల్లాలో ఎటు చూసినా వేరుశనగే, మన మాటలో శెనిక్కాయ. అది మనకు అన్నం పెట్టింది, చదువు చెప్పించింది. ఇక్కడున్న చాలామంది ఫీజులు శెనిక్కాయ డబ్బులే. కానీ అన్ని గుడ్లూ ఆ ఒక్క గంపలోనే పెట్టాం. 2000లో కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చినప్పుడు జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా పంట దెబ్బతిన్నది. మన ముసలివాళ్లు ఏం చేసేవారు? కొన్ని సాళ్ల శెనిక్కాయకు ఒక సాలు కంది, గట్టున జొన్నో అలసందో వేసేవారు. కంది సాలు వచ్చి శెనిక్కాయను తరిమేయలేదు. వాన వెనకపడ్డ ఏడాది ఇంటిని నిలబెట్టింది.

అరవై ఏళ్లుగా ప్రపంచం లెక్కల చేనులో సిలికాన్ ఒక్కటే వేసింది. ఇప్పుడు కరెంటు, నీళ్లు చాలక సాళ్లు మారుస్తోంది. సిలికాన్ పోదు. దాని పక్కన అణువుల పొర ఒక సాలు, వెలుగు ఒక సాలు, క్వాంటం ఒక సాలు వస్తాయి. నిజానికి ఇది ఎప్పుడో మొదలైంది. 1997లో ఐబీఎం చిప్పుల్లో అల్యూమినియం తీగల బదులు రాగి తీగలు పెట్టింది. 2007లో ఇంటెల్ ఆ గాజు పొర బదులు హాఫ్నియం పొర వేసింది. వేడికి తట్టుకోలేదని వెళ్లగొట్టిన జెర్మేనియం కూడా 2003లో సిలికాన్‌తో కలిసి ఇంటెల్ చిప్పుల్లోకి తిరిగొచ్చింది. వెళ్లగొట్టిన చుట్టం మళ్లీ పందిట్లోకి వచ్చినట్టు.

ఇప్పుడు మన మిత్రుడికి జవాబు. రేయ్, గాజులు కుదువ పెట్టొద్దు.

ఆరు నెలల్లో క్వాంటం నేర్పడం ఎవరివల్లా కాదు. దాని అడుగున ఉన్నవి మాత్రికలు, సంభావ్యత, తరంగాలు. అంటే ఇంటర్ గణితం, డిగ్రీ భౌతికశాస్త్రం. పాపకు ఆసక్తి ఉంటే ముందు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా దొరికే పాఠాలు ఒక నెల విననీ. ఐబీఎం వాళ్లే ఉచితంగా పాఠాలు పెట్టారు. నచ్చితే మంచి కాలేజీలో గణితమో, భౌతికశాస్త్రమో, ఎలక్ట్రానిక్స్‌తో ఇంజినీరింగో చదవనీ. ఆ డబ్బు అక్కడ పెట్టు. బెంగళూరులో ఆ పొర తయారుచేసినవాళ్లలో అణువులు కట్టిన రసాయన శాస్త్రజ్ఞులూ ఉన్నారు. కెమిస్ట్రీ అంటే మందుల కంపెనీ ఉద్యోగమే అనుకున్న పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఐటీఐ, డిప్లొమా పిల్లలకూ చెప్తున్నాను. అంత చలి పుట్టించే యంత్రానికి శీతలీకరణ తెలిసినవాళ్లు, వాక్యూమ్ పంపులు బిగించేవాళ్లు, సన్నని వెల్డింగ్ చేసేవాళ్లు కావాలి. ఇంకో పెద్ద పని సిలికాన్ మీదే ఉంది. రేపటి క్వాంటం యంత్రాలు నేటి రహస్య తాళాలను తీయగలవన్న భయంతో, 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ కొత్త తాళాలకు ప్రమాణాలు ప్రకటించింది. ప్రతి బ్యాంకు, ప్రతి ప్రభుత్వ శాఖ తాళాలు మార్చుకోవాలి. ఆ పని మామూలు ప్రోగ్రామర్లదే.

మరి నా సంగతి? మా నాన్న మగ్గంతోనే చెప్తాను. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చాయి. అట్టలు లేవు, కంప్యూటర్ నుంచి నేరుగా సూదులకు ఆజ్ఞ పోతుంది. అట్టలకు చిల్లులు కొట్టడం ఒక్కటే తెలిసినవాళ్లకు పని పోయింది. ఆ మాట దాచను, అది చిన్న కష్టం కాదు. కానీ హంస మెడ ఎక్కడ వంగాలో, ఏ పోగు ఎప్పుడు లేవాలో తెలిసినవాళ్లకు పని ఉంది. అట్ట మారింది, అల్లిక మారలేదు. చిప్పుల్లోనూ అంతే. పనిముట్టు ఒక్కటే నేర్చుకున్నవాడికి ప్రతి పదేళ్లకూ గండం. లోపల లెక్క నేర్చుకున్నవాడు సాలు మారినా సేద్యం చేస్తాడు. ఈ వయసులో నేనూ ఓమ్ నియమం దగ్గర్నుంచి మళ్లీ చదువుతున్నాను. సిగ్గేమీ లేదు.

చివరిగా సంఘానికి ఒక మనవి. యాభై ఏళ్ల పండగకు తోరణాలు కట్టాం, శాలువాలు కప్పాం, బాగుంది. వచ్చే ఏడాది ఖర్చులో కొంత తగ్గించి, మన బడి ల్యాబులో బల్లకు ఒక మల్టీమీటరు, ఒక డబ్బా రెసిస్టర్లు, సెల్లులు పెడదాం. నా వంతుగా మొదటి పది మీటర్లు నేనిస్తాను. ఇందాక చెప్పిన ఏడున్నర లెక్క ప్రతి పదో తరగతి పిల్ల, పిల్లాడు తన చేతులతో చేసి, ముల్లు కదలడం తన కళ్లతో చూడాలి. అయ్యవార్లు ఒప్పుకుంటే జూన్‌లో బడి తెరిచిన వారం నేనే వచ్చి ఒక పీరియడ్ చెప్తాను. మన మిత్రుడి పాపను కూడా తోడు తెచ్చుకుంటాను. చిన్నపిల్లలకు ఆ పిల్లే చెప్పాలి. ఇంకొకరికి చెప్పినప్పుడే మనకు ఎంత వచ్చో తెలుస్తుంది. ఈ బడిలో మన అయ్యవార్లు మనకు నేర్పింది అదే కదా.